హైడ్రోజన్ హాల్లో కొండచీపురు

ఈ మధ్య మా ఇంటికి పిల్లలు ఎక్కువగా వస్తున్నారు. పిల్లలంటే ఇంజనీరింగ్ పూర్తి చేసినవాళ్లు. విశాఖ చుట్టుపక్కల సముద్రం ఒడ్డున కొత్తగా హైడ్రోజన్ ప్లాంట్లు వస్తున్నాయని, వాటిలో ఉద్యోగాలుంటాయని విన్నారు. కంచరపాలెంలో ఒక రిటైరైన ఆవిడ ఉందట, ఉద్యోగమంతా ఆ గ్యాసుతోనే గడిపిందట అని ఎవరో చెబితే వెతుక్కుంటూ వస్తారు. కాఫీ తాగి మొదట అడిగేది జీతం గురించి. తర్వాత ప్రమోషన్ల గురించి. ఆ రెండింటిలో నాకు పెద్ద ప్రవేశం లేదు, నాకొచ్చినవి కూడా ఆలస్యంగానే వచ్చాయి. ఆ గ్యాసు ఎలాంటిదండీ అని ఒక్కరైనా అడుగుతారేమోనని చూస్తుంటాను. అడగరు. అందుకే అడక్కుండానే చెబుతున్నాను.

అది చేసే పని

నేను పనిచేసిన ఫ్యాక్టరీ పోర్టుకి దగ్గర్లో ఉండేది. దానికి సొంత కరెంటు ప్లాంటు ఉండేది. అందులో జనరేటర్‌ని చల్లబరచడానికి హైడ్రోజన్ వాడేవాళ్లం. ఆ గ్యాసు తయారీ, నిల్వ, జనరేటర్‌లోకి ఎక్కించడం, దింపడం మా విభాగం పని. హైడ్రోజన్ అనగానే అందరికీ బాంబు గుర్తొస్తుంది, లేదా రాకెట్టు గుర్తొస్తుంది. చల్లబరచడం ఎవరికీ గుర్తురాదు. నాకూ చేరేదాకా తెలియదు.

జనరేటర్ లోపల లోడు లారీ అంత బరువున్న రోటర్, అంటే తిరిగే ఇరుసు, నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతుంది. దాన్ని మామూలు గాలిలో తిప్పితే గాలే దానికి అడ్డం. గాలిని చీల్చుకుని తిరగడానికే బోలెడు శక్తి ఖర్చవుతుంది, పైగా వేడి. హైడ్రోజన్ గాలికంటే పద్నాలుగు రెట్లు తేలిక. రోటర్‌కి తన చుట్టూ ఏదో ఉందన్న సంగతే తెలియనంత తేలిక. అయినా వేడిని పట్టుకుపోవడంలో గాలి దాని ముందు ఎందుకూ పనికిరాదు. ప్రపంచంలో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా బరువైన యంత్రాన్ని ఓదారుస్తోందని నాకు అనిపించేది. ఇన్నేళ్లు చూశాక కూడా ఆ ఆశ్చర్యం తగ్గలేదు.

ఇదే గ్యాసు రిఫైనరీలో డీజిల్‌లోని గంధకాన్ని ఊడబీకుతుంది. నూనెను వనస్పతిగా గట్టిపరుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రేకును మసిపట్టకుండా, కొలిమిలో అద్దంలా మెరిసేలా కాపాడుతుంది. వాతావరణం చూసేవాళ్ల బెలూన్‌ని మేఘాల పైకి మోసుకుపోతుంది. మా ఊరిని ఉక్కు నగరం అంటారు కదా, ఆ ఉక్కుకి మాత్రం ఇది లోపలి శత్రువు. కరిగిన ఉక్కులో కాస్త హైడ్రోజన్ చిక్కుకుపోయి, అది చల్లారాక బయటికి దారి దొరకకపోతే, పైకి నున్నగా కనిపించే కమ్మీ లోపల వెంట్రుకంత పగుళ్లు వస్తాయి. కంటికి కనపడనిది ఉక్కుని చీలుస్తుంది. ఒక్కటే గ్యాసు, ఒకచోట సేవకురాలు, ఒకచోట యజమాని. దాంతో పనిచేసేవాళ్లు అది ఇప్పుడు ఏ అవతారంలో ఉందో ఎప్పుడూ కనుక్కుంటూ ఉండాలి.

మేం దాన్ని నీళ్లలోంచి తీసేవాళ్లం. సెల్లుల వరుసలో శుద్ధమైన నీళ్లు, కాస్త కాస్టిక్ పొటాష్, చర్మాన్ని తినేసే క్షారం. కరెంటు పంపితే ఒకవైపు ఆక్సిజన్, మరోవైపు హైడ్రోజన్. మనం రోజూ తాగి, స్నానం చేసి, పారబోసే నీళ్లలో ఇంతటిది దాక్కుని ఉంటుందని పుస్తకంలో చదవడం వేరు. ఆ సెల్లుల పక్కన నిలబడి, సన్నటి గురగుర శబ్దం వింటూ, అది నీళ్లను విప్పుతున్న చప్పుడని తెలుసుకోవడం వేరు. మొదటిసారి విన్నప్పుడు నేను చెప్పులు విప్పేశాను. ఎందుకు విప్పానో నాకే తెలియదు. మా పెద్దాయన చూసి, "వేసుకోమ్మా, కింద కాస్టిక్ ఉంటుంది" అన్నారు.

సత్యానందం గారు

ఆ పెద్దాయనే సత్యానందం గారు, మా గ్యాసు విభాగానికి అధికారి, నా మొదటి బాస్. మొదటిరోజు నేను కొత్త నైలాన్ చీర కట్టుకుని డ్యూటీకి వెళ్లాను. ఆయన నన్ను చూసి నమస్కారానికి బదులు, "ఇంటికెళ్లి నూలు చీర కట్టుకుని రామ్మా" అన్నారు. నైలాన్ ఒంటికి రాసుకుంటే పుట్టే చిన్న మెరుపు చాలు ఈ గ్యాసుకి అని తర్వాత చెప్పారు. అప్పుడు మాత్రం చెప్పలేదు. ఆటోలో ఇంటికెళ్లి, చీర మార్చుకుని వచ్చేసరికి మధ్యాహ్నమైంది. రాగానే నా చేతికి పొడుగాటి కర్రకు కట్టిన కొండచీపురు ఇచ్చారు.

ఆడపిల్లని కదా, ఊడవమంటున్నారని నాకు ఒళ్లు మండింది. "సార్, నేను కెమికల్ ఇంజనీరింగ్ చదివాను" అన్నాను.

"నేనూ అదే చదివాను" అని, మూలనున్న ఇంకో చీపురు తీసుకుని ఆయన నా ముందు నడిచారు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. హైడ్రోజన్ దగ్గర పొగ లేని నిప్పు. పట్టపగలు ఆ మంట కంటికి కనిపించదు. దాని సెగ కూడా కట్టెల పొయ్యి సెగలా దూరానికి తగలదు. పక్కనే ఉన్నా తెలియకుండా అందులోకి నడిచి వెళ్లిపోవచ్చు. అందుకని గ్యాసు లైన్ల మధ్యకు వెళ్లేవాళ్లు ఎండిన చీపురు ముందుకు చాచి, పైకీ కిందికీ, అటూ ఇటూ ఊపుకుంటూ మెల్లగా నడవాలి. మంట ఉంటే ముందు చీపురు కాలుతుంది. "చీపురు లేకపోతే కాలేది నువ్వు" అన్నారు సత్యానందం గారు. మా ప్లాంటులోనే కాదు, హైడ్రోజన్‌తో పనిచేసే చాలాచోట్ల ఇది పాత పద్ధతే. ఇప్పుడు మంటను పసిగట్టే కెమెరాలొచ్చాయి. కొనండి, వాడండి. చీపురు మాత్రం పారేయకండి.

ఇంటికెళ్లి మా అమ్మకి చెప్పాను. మాది విజయనగరం వైపు వ్యవసాయ కుటుంబం, నా చదువు కోసం పట్నం వచ్చాం. అమ్మ అంతా విని, "ఇంట్లో సీపురట్టుకోమంటే నామోషీ. కంపెనీవోడు జీతమిత్తేగానీ అట్టుకోవా ఏటే?" అంది. వారం పాటు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వింది.

చీపుర్లు నేనే వన్ టౌన్‌లో కొనేదాన్ని. ఏజెన్సీ కొండల నుంచి వచ్చే కొండచీపురు, పూత మెత్తగా, బాగా ఎండినది కావాలి. నిప్పు సోకగానే అంటుకోవాలి. నేను ఒక్కొక్కటీ విదిలించి, వాసన చూసి ఏరుతుంటే దుకాణదారు ఓరగా చూసేవాడు. "ఏటమ్మా, ఇన్ని సీపుర్లు? కోటగానీ కట్టేరేటి?" అనేవాడు.

సత్యానందం గారి దగ్గర నేర్చుకున్నవి ఇంకో రెండున్నాయి. మొదటిది, హైడ్రోజన్‌నీ గాలినీ ఎప్పుడూ ఎదురెదురు పడనివ్వకూడదు. జనరేటర్‌లో గాలి ఉంటే ముందు కార్బన్ డయాక్సైడ్ పంపి గాలిని వెళ్లగొట్టాలి. తర్వాతే హైడ్రోజన్. దింపేటప్పుడూ అంతే. పగబట్టిన రెండు కుటుంబాల మధ్య పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టు. దీనికి చాలా సమయం పడుతుంది, తొందర ఉన్నవాళ్లకి చిరాకు పుడుతుంది. రెండోది, మంట కనిపెడితే దాన్ని ఆర్పడానికి పరుగెత్తకూడదు. గ్యాసు వచ్చే దారిని కట్టేయాలి. మంటను మాత్రమే ఆర్పితే గ్యాసు కారుతూనే ఉంటుంది, కప్పు కింద చేరుతుంది, తర్వాత అంటుకుంటే హాలే ఉండదు. కాలుతున్నంతసేపూ అది ఎక్కడుందో మనకి తెలుసు. ఈ మాట మొదట విన్నప్పుడు నాకు మనసొప్పలేదు.

బాసుల గురించి ఒక మాట

కోప్పడే బాస్‌తో పెద్ద ప్రమాదం లేదు. సత్యానందం గారు రోజూ కోప్పడేవారు. తొందరపడే బాస్‌తోనే మీకు ప్రమాదం. అతను మంచివాడైతే మరీ ప్రమాదం, ఎందుకంటే మీకు కాదనబుద్ధి కాదు.

రామ్మోహన్ గారు అలాంటి మంచివారు. నేను గ్యాసు విభాగానికి ఇన్‌చార్జి అయ్యాక పవర్ ప్లాంటుకి పెద్ద అధికారిగా వచ్చారు. కూలీల పిల్లల పేర్లు కూడా గుర్తుపెట్టుకునేవారు. ఎవరి ఇంట్లో జబ్బు చేసినా తన కారు పంపేవారు. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు ఆలస్యాన్ని భరించలేకపోవడం. ఏం చెప్పినా "ఆలస్యం అమృతం విషం" అని మొదలుపెట్టేవారు. నేను ఎన్నోసార్లు, "సార్, ఇక్కడ తొందరే విషం" అన్నాను. నవ్వేసేవారు.

ఆయుధ పూజ

ఆ ఏడు జనరేటర్‌ని పూర్తిగా విప్పి బాగుచేశారు. మళ్లీ బిగించి, గ్యాసు ఎక్కించి, తిప్పడానికి సిద్ధం చేసేసరికి దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజున యంత్రానికి బొట్టు పెట్టి, అదే ముహూర్తానికి బండి, అంటే జనరేటర్, తిప్పుదామని రామ్మోహన్ గారు నిర్ణయించారు. ప్రతి ఏడూ పూజ ఉంటుంది, కానీ వర్క్‌షాపులో. హైడ్రోజన్ ఉన్న హాల్లో ఎప్పుడూ చేయలేదు. ఈసారి కార్మికుల భార్యలు కూడా రావాలని, ముత్తయిదువలు ముందు నడిచి యంత్రానికి పసుపు కుంకుమలు పెట్టాలని ఆయన కోరిక.

నేను కాదన్నాను. చాలా వాదించాను. చివరికి సగం గెలిచాను. లోపల దీపం, కర్పూరం, అగరొత్తి ఏవీ ఉండవు. హారతి బయట మెట్ల దగ్గరే. లోపలికి పసుపు, కుంకుమ, పూలు మాత్రం. అగ్గిపెట్టెలు, సెల్‌ఫోన్లు అన్నీ గేటు దగ్గరే తీసుకున్నాం.

ఉదయం ఆడవాళ్లు వచ్చారు. అందరూ మెరిసే చీరల్లో ఉన్నారు, పండగ కదా. నూలు చీరలు కట్టుకురమ్మని చెప్పడం మాలో ఎవరికీ తోచలేదు. ఆ చీరలు చూడగానే నా మొదటిరోజు నైలాన్ చీర గుర్తొచ్చింది. హాలు తలుపు దగ్గర అందరికంటే ముందు పళ్లెం పట్టుకుని నిలబడింది నూకరత్నం. మా టర్బైన్ ఆపరేటర్ సన్యాసిరావు భార్య. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఇంటి ఆడపడుచు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

అప్పుడే సన్యాసిరావు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "మేడమ్, సిలిండర్ల గేజీలో ముల్లు కిందికొత్తంది. మిషన్లో పెజరు మాత్రం పెరగట్లేదు."

గ్యాసు సిలిండర్లలోంచి పోతోంది, జనరేటర్‌లోకి చేరడం లేదు. మరి ఎక్కడికి పోతున్నట్టు? సిలిండర్ల వాల్వు కట్టేయమని సన్యాసిరావుకి చెప్పి, నేను రామ్మోహన్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన గ్యాసు పసిగట్టే మీటరు తెప్పించి హాల్లో అటూ ఇటూ చూపించారు. అది కూయలేదు. "చూశారుగా, లీకేమీ లేదు. చల్లగా ఉంటే ముల్లు కాస్త తగ్గడం మామూలే. వాల్వు కట్టొద్దని చెప్పండి, మళ్లీ నింపడానికి గంట పడుతుంది. ముహూర్తం దాటిపోతోంది" అన్నారు. సన్యాసిరావు సగం దారిలో ఆగిపోయి, మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు.

"అయితే చీపురుతో ముందు నేను నడుస్తాను సార్. ఆ తర్వాతే మీరందరూ" అని గోడవారనున్న చీపురు అందుకున్నాను.

ఆయన మొహం మారిపోయింది. "పూజకి వెళ్తూ చీపురా? ముత్తయిదువల ముందు? మీరూ ఆడమనిషే కదా, మీకు తెలియదా?"

నాకు తెలుసు. నేనూ ఈ వైపే పెరిగాను. శుభకార్యానికి బయల్దేరుతుంటే చీపురు ఎదురైతే మా అమ్మ కాళ్లు కడుక్కుని మళ్లీ బయల్దేరేది. నా చుట్టూ ఉన్న మగవాళ్లు కూడా ఇబ్బందిగా చూస్తున్నారు. కొత్తగా బిగించిన యంత్రం, ఏదైనా జరిగితే ఈవిడ చీపురు అడ్డం పెట్టడం వల్లే అంటారు. సన్యాసిరావు కూడా తల దించుకుని, "వద్దులెండి మేడమ్, ఒక్క పూటకే కదా" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ చీపురు వదల్లేదు.

అప్పుడు నూకరత్నం అంది. "ఊడవకుండా పూజ సేత్తారేటండి ఎక్కడైనా? మా ఇంట్లో ముందు సీపురు, ఆనక దీపం. మేడమ్‌గారు ముందెళ్తే అసుబం ఏటుంది? ఎల్లండి మేడమ్, మీ ఎనక నానొత్తాను."

రామ్మోహన్ గారు పక్కకి తప్పుకున్నారు.

నేను చీపురు చాచి నడిచాను, నాకు కాస్త వెనగ్గా నూకరత్నం, ఆ వెనక మిగతావాళ్లంతా. హాల్లో ఎండ నిండుగా ఉంది. పైన అద్దాల్లోంచి పడి, కొత్తగా రంగు వేసిన జనరేటర్ మెరుస్తోంది. తెల్లవారుజామునే దానికి పూలదండ వేసి వెళ్లారు. పక్కన గ్యాసు పైపు, ఆ పైపు మీద ఒక జాయింటు, సరిగ్గా నడుం ఎత్తులో. బొట్టు పెట్టడానికి ముగ్గు వేసిన చోటు ఆ జాయింటు ముందే. అక్కడ ఏమీ లేదు. గాలి కూడా కదలడం లేదు. చీపురుని పైకి తిప్పాను, కిందికి తిప్పాను, జాయింటు వైపు చాచాను.

చీపురు పూత ఎర్రబడింది. పుల్లలు ఒకదాని తర్వాత ఒకటి మెరిసి నల్లగా ముడుచుకుపోయాయి. వాటిని కాలుస్తున్నది మాత్రం కనబడలేదు. ఉత్త వెలుతురు, ఉత్త గాలి, అందులో చీపురు కాలిపోతోంది. నా ఉద్యోగమంతా చీపురు పట్టుకుని నడిచాను, నిజంగా అది కాలడం చూసింది ఆ రోజే. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భక్తి లాంటిదే, ఇంకో మాట నాకు దొరకడం లేదు. అగ్గిపెట్టెలన్నీ గేటు దగ్గర తీసుకున్నాం, నిప్పు మాత్రం మాకంటే ముందే లోపలికొచ్చి కూర్చుంది.

చీపురు వెనక్కి తీసి, చెప్పుకింద రాసి ఆర్పాను. "ఎవరూ కదలొద్దు" అన్నాను. ఎవరూ కదల్లేదు. ఒకతను గోడమీది ఫైర్ సిలిండర్ అందుకోబోయాడు, వద్దన్నాను. "సన్యాసిరావ్, రెండువైపులా వాల్వులు కట్టేయ్." ఈసారి అతను రామ్మోహన్ గారి వైపు చూడలేదు. గ్యాసు తగ్గాక పైపులోకి నత్రజని పంపాం. కొత్త చీపురు తెప్పించి మళ్లీ చాచాను. అది కాలలేదు. పక్కనున్న ఒక్కొక్క జాయింటు దగ్గరా తిప్పాను. ఇంకెక్కడా ఏమీ లేదు.

తర్వాత విప్పి చూస్తే జాయింటులో వాషరు ఓరగా కూర్చుని ఉంది. తొందరలో బిగించిన పని. కారుతున్న గ్యాసు ఎలా అంటుకుందో మాత్రం ఈ రోజుకీ ఖచ్చితంగా చెప్పలేను. సన్నటి కంతలోంచి వేగంగా దూకే హైడ్రోజన్ ఒక్కోసారి తనంతట తానే అంటుకుంటుంది. మీటరు ఎందుకు కూయలేదని మీరు అడగొచ్చు. మీటరు పసిగట్టేది కాలని గ్యాసుని. ఇక్కడ వచ్చింది వచ్చినట్టే కాలిపోతోంది, గాలిలో మిగిలిందేమీ లేదు. పరికరం అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగాల్సిన ప్రశ్న అది కాదు.

రామ్మోహన్ గారు ముగ్గు దగ్గర నిలబడి ఆ పైపునే చూస్తున్నారు. ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు, నేను ఆశించనూ లేదు. "బండి ఈ రోజు తిప్పొద్దు. అన్ని జాయింట్లూ విప్పి చూశాకే" అన్నారు. ఆయన నోట ఆలస్యం చేద్దామన్న మాట వినడం అదే మొదటిసారి. పూజ బయట మెట్ల దగ్గర చేసుకుందామన్నారు.

నూకరత్నం ఆ జాయింటు దగ్గరికి వచ్చింది. పసుపు కుంకుమల పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది.

"ఇందాక ఎక్కడుందండి అది?"

చూపించాను. ముగ్గులో నిలబడి బొట్టు పెట్టడానికి వంగితే ఆవిడ మెరుపుచీర కొంగు సరిగ్గా తగిలే చోటు. ఆవిడ ఆ ఎత్తు చూసుకుంది, తన కొంగు చూసుకుంది.

"ఇప్పుడు సెయ్యెట్టొచ్చా?"

"పెట్టు. ఇప్పుడేం లేదు."

పెట్టింది. పైపు చల్లగా ఉంది.

"కనపడనోడికి దణ్ణవెట్టడం మాకు సిన్నప్పట్నించీ అలవాటేనండి. బయపడ్డం ఇయ్యాల తెలిసింది" అంది.

పళ్లెం మొగుడి చేతికిచ్చి, నా వైపు తిరిగింది. "తిరిగెళ్లేటప్పుడు కూడా సీపురే ముందు కదండి?"

"అవును."

"అయితే ఇలాగియ్యండి. నాను ముందెళ్తాను."

చీర కొంగు బిగించి నడుముకు చుట్టుకుంది. చీపురు ముందుకు చాచి, నేను చేసినట్టే పైకీ కిందికీ, అటూ ఇటూ తిప్పుకుంటూ, ఒక్కొక్క అడుగూ వేస్తూ తలుపు వైపు నడిచింది. ఆవిడ వెనక నేను, నా వెనక రామ్మోహన్ గారు, ఆయన వెనక మెరిసే చీరల్లో ఆడవాళ్లంతా. చివర్న సన్యాసిరావు, కుంకుమ చెదరకుండా పళ్లెం రెండు చేతులతో పట్టుకుని.